కారు ఇన్సూరెన్స్ బిల్లు వెనక 80 ఏళ్ళ కథ

ఫోన్‌కి మెసేజ్ వస్తుంది, కారు పాలసీ అయిపోతోంది, రెన్యూ చేసుకోండి అని. లింక్ నొక్కి చూస్తే పోయినేడాది కన్నా ఎక్కువ. తిట్టుకుంటూనే కట్టేస్తాం. కానీ అందులో ఉన్నది ఒక బిల్లు కాదు, రెండు. ఒకదాని రేటు ప్రభుత్వం పెడుతుంది, రెండోదాని రేటు కంపెనీ పెడుతుంది. ఎందుకిలా అయిందో తెలిస్తే, ఎక్కడ బేరమాడాలో కూడా తెలుస్తుంది.

మొదటిది థర్డ్ పార్టీ. 1930లో బ్రిటన్ ఒక చట్టం తెచ్చింది. బండి రోడ్డెక్కాలంటే, దానివల్ల దెబ్బతినే ఎదుటి మనిషి కోసం బీమా ఉండాల్సిందే అని. అదే ఆలోచన మన 1939 మోటారు వాహనాల చట్టంలోకి వచ్చింది. బీమా తప్పనిసరి అయింది మాత్రం 1946 జులై 1 నుంచి. అంటే ఇది మన కారు కోసం కాదండీ. మన కారు గుద్దితే కాలు విరిగిన కూలీ కోసం, ఇంటి పెద్దని పోగొట్టుకున్న కుటుంబం కోసం. ఓనర్ దగ్గర డబ్బుల్లేకపోయినా వాళ్ళకి పరిహారం అందాలి కదా.

1973లో 107 బీమా కంపెనీలను కలిపి నాలుగు ప్రభుత్వ కంపెనీలు చేశారు. అప్పుడు దేశమంతా ఒకటే రేట్ల పట్టిక. బేరం అన్న మాటే లేదు. 2000 తర్వాత ప్రైవేటు కంపెనీలు వచ్చినా పట్టిక పోలేదు. 2007 జనవరి 1న మన కారు డ్యామేజీకి ఇచ్చే బీమాకి, అంటే ఓన్ డ్యామేజ్‌కి, ఆ పట్టిక తీసేశారు. థర్డ్ పార్టీ రేటు మాత్రం ప్రభుత్వం చేతిలోనే ఉండిపోయింది. చట్టం తప్పనిసరి చేసినదాన్ని పూర్తిగా మార్కెట్‌కి వదిలేయలేదు మరి.

2018లో సుప్రీంకోర్టు ఆదేశంతో కొత్త కారుకి మూడేళ్ళు, కొత్త బైక్‌కి ఐదేళ్ళు థర్డ్ పార్టీ ఒకేసారి కొనాల్సి వచ్చింది. షోరూమ్‌లో బిల్లు చూసి గుండె గుభేల్‌మనడానికి అదొక కారణం.

ఇప్పుడు మన చేతిలో ఏముంది? 2022 జూన్‌లో పెట్టిన రేటు ప్రకారం 1000 నుంచి 1500 సీసీ లోపు కారుకి థర్డ్ పార్టీ ఏడాదికి 3,416 రూపాయలు, జీఎస్టీ అదనం. ఏ కంపెనీ అయినా ఇంతే. ఎవరైనా సగానికే ఇస్తానంటే అది దొంగ పాలసీ అని అనుమానించండి. ప్రమాదం జరిగిన రోజు ఆ కాగితం పనికిరాదు.

బేరమంతా ఓన్ డ్యామేజ్‌లోనే. నాలుగైదు కంపెనీల రేట్లు పోల్చండి. క్లెయిమ్ లేని మొదటి ఏడాదికి 20 శాతం, వరసగా ఐదేళ్ళయితే 50 శాతం నో క్లెయిమ్ బోనస్. చిన్న గీతకి క్లెయిమ్ పెడితే అదంతా పోతుంది. ఆ బోనస్ కారుది కాదు, ఓనర్‌ది. కారు మార్చినా మీ వెంటే వస్తుంది. పాలసీ అయిపోయి 90 రోజులు దాటితే మాత్రం గోవిందా.

ఒక్క జాగ్రత్త. ప్రీమియం తగ్గించడానికి ఐడీవీ, అంటే కారుకి కట్టిన విలువ, మరీ తగ్గించుకోకండి. కారు పోతే చేతికొచ్చేది ఆ విలువ లెక్కనే.

రెండో బిల్లు మీద గట్టిగా బేరమాడండి. మొదటిది మాత్రం రోడ్డు మీద మనకి తెలియని మనిషికి మనమిచ్చే భరోసా. అది ఎగ్గొట్టొద్దు.