గడ్డికి నిప్పు పెట్టే ఊరు

టీవీలో అమెరికా మంటలు కనబడితే చాలు, హైదరాబాద్ లాల్‌దర్వాజ నుంచి మా అమ్మ ఫోన్ చేస్తుంది: "మీ దిక్కు గూడ అంటుకుందా బిడ్డా?" మా కాన్సస్‌లో ఏప్రిల్ వస్తే గడ్డిని మనుషులే అంటిస్తారంటే నమ్మదు. పశువులు తినే గడ్డిని చేజేతులా కాల్చుకుంటారా అంటుంది. జవాబు చెప్పాలంటే చాలా వెనక్కి పోవాలి.

మేముండే ఓవర్‌ల్యాండ్ పార్క్ నుంచి నైరుతిగా రెండు గంటలు కారులో పోతే ఫ్లింట్ హిల్స్. ఉత్తర అమెరికా నడుమ ఒకప్పుడు సుమారు 17 కోట్ల ఎకరాల్లో నిలువెత్తు గడ్డి ఉండేది. ఇప్పుడు 4 శాతం కూడా లేదు. ఉన్నదాంట్లో ఎక్కువ ఈ గుట్టల మీదే. దీన్ని కాపాడింది రాయి. మట్టి పైపైనే ఉండటంతో నాగలి దిగలేదు. ఇల్లినాయి, అయోవాలది లోతైన నల్లనేల. 1837లో జాన్ డియర్ ఉక్కు నాగలి చేశాక అక్కడి గడ్డంతా మొక్కజొన్న పాలైంది.

ఈ గుట్టల్లో ఒకప్పుడు నిప్పు పెట్టింది కాన్సా, ఓసేజ్ తెగలవాళ్లు. కాలిన నేల మీద లేతగడ్డి మొలిస్తే అడవిదున్నలు వెతుక్కుంటూ వచ్చేవి. 1870లలో ప్రభుత్వం వాళ్లను ఇప్పటి ఓక్లహోమాకు తరిమింది. రాష్ట్రానికి మాత్రం కాన్సాల పేరే మిగిలింది. వాళ్ల గడ్డి, వాళ్ల విద్య రెండూ పశువుల ఆసాములకు దక్కాయి. టెక్సాస్ నుంచి రైల్లో దిగిన పశువులు కాల్చిన బీట్లో మేస్తే త్వరగా బలుస్తాయని వాళ్లకూ తెలిసొచ్చింది.

మిగతా దేశం వేరే దారి పట్టింది. గడ్డికి నిప్పు పెడితే శిక్ష అని 1850లోనే కాలిఫోర్నియా చట్టం చేసింది. 1910లో ఐడహో, మోంటానాల్లో 30 లక్షల ఎకరాలు తగలబడ్డాక అటవీశాఖకు నిప్పంటేనే పగ. ఏ మంటనైనా మర్నాడు పొద్దున పదింటికల్లా ఆర్పాలని 1935లో ఆజ్ఞ. ఆర్పినకొద్దీ అడుగున ఎండుకట్టె పేరుకుంది. గడ్డినేలల్లోనైతే జునిపర్ పొదలు కమ్ముకున్నాయి. కాన్సస్ స్టేట్ యూనివర్సిటీ వాళ్లు కొంజా ప్రెయిరీలో కొన్ని చెలకలను ఏటా, కొన్నిటిని నాలుగేళ్లకు, కొన్నిటిని ఇరవై ఏళ్లకు కాల్చి చూస్తున్నారు. నిప్పు ఆలస్యమైనకొద్దీ గడ్డి ఓడిపోయింది.

కాల్చే పద్ధతి చూడముచ్చటగా ఉంటుంది. ముందు జిల్లా కంట్రోల్ రూముకూ పొరుగు ఆసాములకూ ఫోన్. చెప్పకపోతే ఫైరింజన్ వచ్చి నిలబడుతుంది. డీజిల్, పెట్రోల్ కలిపిన డబ్బా, దాని వంకర మూతి నుంచి నిప్పు చుక్కలు. గాలి పోయే వైపు అంచును మొదట కాలుస్తారు. అక్కడ నల్లటి పట్టీ పడ్డాకే గాలి వచ్చే వైపు అంటిస్తారు. మంట పరిగెత్తి ఆ పట్టీని తాకి చస్తుంది. మొలక పుట్టే కణుపు భూమిలోపల ఉంటుంది కనుక గడ్డికేమీ కాదు. నల్లనేలకు ఎండ తగిలి పదిరోజుల్లో పచ్చబడుతుంది.

పొగకు మాత్రం పట్టీలు పనిచేయవు. 2003 ఏప్రిల్‌లో అది కాన్సస్ సిటీ దాకా వచ్చి గాలిలో ఓజోన్ పెంచింది. 2010లో పొగ నిర్వహణ ప్రణాళిక రాశారు. ఇప్పుడు సీజన్లో పొగ ఎటు పోతుందో మ్యాపులు వస్తాయి, ఆస్తమా ఉన్నవాళ్లను ఇంట్లో ఉండమంటారు. అయినా మా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఏటా అదే ప్రశ్న: "ఏదో కాలిన వాసన, 911కు చేయాలా?" నేను చూసిన నోటీసుల్లో గాలి, ఓజోన్, దగ్గు అన్నీ ఉన్నాయి, కాన్సాల ఊసు లేదు. నిప్పు ఎవరి విద్యో చెప్పకుండా పొగ గురించి జాగ్రత్త చెప్పడం సగం మాటే.

మన దగ్గరా రిజర్వ్ అడవిలో నిప్పు పెట్టడం నేరం. ఆ తరహా నిషేధం బ్రిటిష్ ఇండియాలో 1878 అటవీ చట్టంతోనే ఉంది. చాంద్రాయణగుట్ట మీదుగా శ్రీశైలం రోడ్డెక్కి మన్ననూరు దాటితే నల్లమల. అక్కడ ఎండాకాలానికి ముందు అటవీ సిబ్బంది ఫైర్‌లైన్లు తీసి, ఎండుటాకులు తామే కాలుస్తారు. దాన్ని బస్సులోంచి చూసి కార్చిచ్చనుకునేవాళ్లే ఎక్కువ. ఎవరు కాల్చారో, ఎందుకో రాసిన తెలుగు, ఉర్దూ బోర్డు ఒకటి పెట్టడానికి ఎంత ఖర్చవుతుంది? రాసేటప్పుడు ఆ అడవిని తరతరాలుగా ఎరిగిన చెంచులను అడిగితే ఇంకా మంచిది.