ఇండియానా పల్లె పాఠశాలల పోటీ కూటములు

అమెరికాలోని మసాచుసెట్సు రాష్ట్రమున 1891లో పుట్టిన బాస్కెట్‌బాల్ రెండు మూడేండ్లలోనే ఇండియానాలోని క్రాఫర్డ్స్‌విల్ పట్టణమును చేరి, అచటినుండి మొక్కజొన్న పొలముల నడుమనున్న కుగ్రామములకు సైతము వ్యాపించుటకు ప్రబలమైన కారణములు కలవు. ఫుట్‌బాల్ జట్టునకు పదునొకండుగురు బాలురు కావలెను. పై తరగతులలో పట్టుమని పదిమంది బాలురైనను లేని పాఠశాల అంతమందిని ఎచటినుండి తెచ్చును? బాస్కెట్‌బాలునకు ఐదుగురు చాలుదురు. అదియును, పంట ఇల్లు చేరి, మంచు కురిసి, సేద్యగాండ్రకు తీరిక చిక్కిన దినములలో, పైకప్పు క్రింద ఆడదగిన ఆట.

ఆ కాలమున టౌన్‌షిప్పు అనబడు చిన్న పరగణాలు తమ తమ ఉన్నత పాఠశాలలను తామే పోషించుకొనుచుండెను. ఒక్కొక్క కౌంటీలో ఇట్టి పాఠశాలలు అనేకము లుండుటచే, అవి తమలో తాము కూడి, ఏ రాత్రి ఎవరి ఊర ఎవరితో ఆడవలయునో నిర్ణయించుకొని, ఏటేట కౌంటీ విజేతను తేల్చుకొను ఏర్పాటే కాన్ఫరెన్సు, అనగా పోటీ కూటమి. దీనిని కేవలము క్రీడా సౌకర్యముగా నెంచుట పొరపాటని నా దృఢాభిప్రాయము. శీతకాలపు శుక్రవారపు రాత్రులయందు ఇరుగుపొరుగు ఊళ్లవారు ముఖాముఖి కలిసికొనుటకు ఇంతటి నియత సందర్భము మరియొకటి అరుదుగా నుండెను.

ఈ కూటములలో రాటుదేలిన పల్లె జట్టు రాష్ట్రమంతటిని జయింపగలదని 1954 మార్చి 20న రిప్లీ కౌంటీలోని మిలన్ నిరూపించెను. ఆ పాఠశాలలో విద్యార్థులు 161 మంది. తుదిపోటీలో ప్రత్యర్థియైన మన్సీ సెంట్రల్‌లో అంతకు పదిరెట్లు. ఇండియానాపొలిస్‌లోని బట్లర్ క్రీడామందిరమున, నాలుగవ భాగమున రెండు పాయింట్లు వెనుకబడియుండియు, బాబీ ప్లంప్ అను బాలుడు బంతిని చేత బట్టుకొని నాలుగు నిమిషములకు పైగా నిలిచియుండెను. బంతిని నిర్ణీత వ్యవధిలో విసరి తీరవలెనను నియమ మప్పుడు లేదు. తుదకు 30-30గా సమమైనపుడు, చివరి క్షణములలో అతడు కుడివైపునుండి ఎగిరి విసరిన బంతి వల దూరి, మిలన్‌కు 32-30 విజయమును ప్రసాదించెను.

ఆ పోటీలలోనే మిలన్ ఓడించిన, నల్లజాతివారిదైన క్రిస్పస్ ఆటక్స్ పాఠశాలను స్మరింపక ఈ కథ చెప్పుట న్యాయము కాదు. చిన్న పెద్ద భేదము లేదని చాటుకొనిన రాష్ట్ర క్రీడా సంఘమే 1942 వరకు నల్లజాతివారి పాఠశాలలకును, కాథలిక్ పాఠశాలలకును తన పోటీలలో ప్రవేశ మీయలేదు. 1955లో ఆటక్స్ రాష్ట్ర విజేత యయ్యెను. మిలన్ విజయమును ఎంతగా కొనియాడుదుమో, దీనిని అంతకు మించి కొనియాడవలసియున్నది.

పల్లె కూటములను అంతరింపజేసినది ఆటలోని ఓటమి కాదు, శాసనము. 1959లో రాష్ట్రము పాఠశాలల పునర్వ్యవస్థీకరణ చట్టమును చేయగా, విశాలమైన ప్రయోగశాలలు, హెచ్చు విషయముల బోధన ఆశించి చిన్న బడులను పెద్దవానిలో కలిపిరి. ఆ ఉద్దేశము మంచిదే. పల్లెపిల్లలకు అది మేలును చేసెను. కాని బడి పోయిన ఊరికి జట్టు పోయెను, జట్లు తరుగగా కౌంటీ కూటమియు చెదరెను. రిప్లీ కౌంటీలో వెర్సేల్స్, హోల్టన్, క్రాస్ ప్లెయిన్స్, న్యూ మేరియన్ పాఠశాలలు కలిసి సౌత్ రిప్లీ అయ్యెను. జాక్సన్, సెంటర్, డెలవేర్ టౌన్‌షిప్పుల పేళ్లనుండి తలొక తునక గ్రహించి జాక్-సెన్-డెల్ అను మరియొక పాఠశాల వెలసెను. పెద్దలు, పిన్నలు ఒకే పోటీలో తలపడు రాష్ట్ర పద్ధతి సైతము 1997తో ముగిసి, విద్యార్థుల సంఖ్యను బట్టి నాలుగు తరగతులు ఏర్పడెను.

మిలన్, సౌత్ రిప్లీ, జాక్-సెన్-డెల్ తరువాతి కాలమున పొరుగు కౌంటీల బడులతో కలిసి ఒహాయో రివర్ వ్యాలీ కాన్ఫరెన్సున చేరి, నేటికిని ఒండొరులతో ఆడుచున్నవి. ఆ పోటీల పట్టికలో హోల్టన్, క్రాస్ ప్లెయిన్స్, న్యూ మేరియన్ జట్ల పేళ్లు లేవు.