స్వదేశీ స్టీమ్ నావిగేషన్ కంపెనీ

స్వదేశీ స్టీమ్ నావిగేషన్ కంపెనీ తూత్తుకుడి–కొలంబో మధ్య ప్రయాణికులను, సరుకులను చేరవేసిన భారతీయ ఓడల సంస్థ. ఈ మార్గంలో బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ గుత్తాధిపత్యానికి పోటీగా న్యాయవాది వి.ఓ. చిదంబరం పిళ్లై 1906 అక్టోబరులో దీన్ని స్థాపించారు. మూలధనం రూ.10 లక్షలుగా నిర్ణయించి, రూ.25 చొప్పున 40,000 వాటాలు జారీచేశారు. మొదట అద్దె ఓడలతో నడిచినా, తరువాత గాలియా, లావో అనే స్టీమర్లను సమకూర్చుకుంది.

అసలు పోరు టికెట్ల ధరల దగ్గర సాగింది. బ్రిటిష్ కంపెనీ ఛార్జీని రూపాయికి దించితే స్వదేశీ సంస్థ అర్ధరూపాయికి తగ్గించింది. చివరికి ప్రత్యర్థి ఉచిత ప్రయాణంతోపాటు గొడుగులూ ఇవ్వజూపింది. 1908 మార్చి 12న పిళ్లై అరెస్టయి, రాజద్రోహ నేరంపై జైలుపాలయ్యారు. నాయకత్వం కోల్పోయిన కంపెనీ 1911లో మూతపడింది.