పొయ్యి మారిన కథ



పొలం సంగతులు చెప్పవలసినవాడు వంటింటి పొయ్యి ముచ్చట ఎత్తుకున్నాడేమిటా అని మీరనుకోవచ్చు. పొయ్యికీ పొలానికీ దగ్గరి చుట్టరికం వుంది. పొయ్యిలో కాలే పిడక పొలానికి పోవలసిన ఎరువు. పొయ్యిలోంచి లేచే పొగ ఇల్లాలి వూపిరితిత్తుల్లోకి పోయే జబ్బు. ఏరుకొచ్చిన కట్టెకు మనం పైసా పెట్టలేదు, కొట్టంలోని పేడకు పైసా పెట్టలేదు, కనుక మన ఇంట్లో వంటచెరకు ఖర్చే లేదనుకుంటాము. ఆ లెక్క తప్పు. ఆ తప్పు దిద్దడానికి మన దేశంలో నూరేళ్ళకు పైగా జరిగిన ప్రయత్నాల కథ యిది. ఇందులో మన హైదరాబాదుకు కూడా ఒక భాగం వుంది.

ముందు పాత పొయ్యి సంగతి చూద్దాము. మూడు రాళ్ళు పేర్చి మధ్యన మంట పెట్టడం అన్నిటికన్నా పాత పద్ధతి. తరువాత మన ఆడవాళ్ళు ఎర్రమట్టి, వూక, పేడ కలిపి తొక్కి మట్టిపొయ్యి వేసుకున్నారు. పక్కన రెండవ కన్ను పెట్టి జంటపొయ్యి చేసుకున్నారు. ఒక కంటి మీద అన్నం వుడుకుతుంటే రెండవ కంటి మీద పప్పు మరుగుతుంది. వూకపొయ్యి, బొగ్గుల కుంపటి కూడా వుండేవి. అలికి ముగ్గు పెట్టిన పొయ్యిని లక్ష్మిగా చూసుకున్నారు. ఇదంతా తెలివితక్కువ పని కాదు. పొగ తగిలిన గడ్డికప్పుకు పురుగు తక్కువ పడుతుంది. పొయ్యి పైన వేలాడదీసిన విత్తనపు కంకులు చెడకుండా నిలుస్తాయి. పొగ బయటకు పోవడానికి కప్పులో గవాక్షి పెట్టినవారూ వున్నారు. అయితే కప్పును కాపాడిన పొగే కళ్ళను మండించింది. వూదుగొట్టం పట్టుకుని నలభై ఏళ్ళు వూదిన మనిషికి దగ్గు రాకుండా ఎట్లా వుంటుంది?

చిత్రమేమంటే, పొయ్యి గురించి మొదట గట్టిగా మాట్లాడినది పొగను చూసి కాదు, పేడను చూసి. 1889లో ఇంగ్లాండు నుంచి జాన్ అగస్టస్ వోల్కర్ అనే వ్యవసాయ రసాయన శాస్త్రవేత్తను మన దేశపు సేద్యాన్ని పరిశీలించడానికి పిలిపించారు. ఆయన వూళ్ళు తిరిగి చూసి, 1893లో తన నివేదిక ప్రచురించాడు. భారతదేశపు రైతుకు సేద్యం తెలియదన్న అపవాదును ఆయన ఒప్పుకోలేదు. మరి ఎరువు విలువ తెలిసిన రైతు పేడను ఎందుకు తగలబెడుతున్నాడు? వంటకు కట్టె దొరకక! కాబట్టి వూరి దగ్గర వంటచెరకు కోసం, మేత కోసం చెట్లు పెంచితే పేడ దానంతటదే పొలానికి చేరుతుందని ఆయన చెప్పాడు. ఎంత సూటి మాట చూడండి. రైతును తిట్టకుండా కారణం వెతికాడు.

పిడక కాలితే ఏమి పోతుందో నాలుగు మాటలు చెబుతాను. పేడలో వుండే నత్రజని దాదాపు అంతా గాలిలో కలిసిపోతుంది. నేలను గుల్లగా వుంచి తేమను పట్టి వుంచే సేంద్రియ పదార్థం కాలిపోతుంది. బూడిదలో పొటాషు, కొంత భాస్వరం మిగులుతాయి. ఒక చేత్తో పేడ కాల్చి, ఇంకో చేత్తో యూరియా బస్తా కొనుక్కుంటున్నామంటే, పిడక ఉచితమని ఎట్లా అనగలము?

పొగ సంగతి పట్టించుకున్నది తరువాతి తరం. 1934లో గాంధీజీ ప్రోత్సాహంతో అఖిల భారత గ్రామోద్యోగ సంఘం ఏర్పడింది. వార్ధాలోని మగన్‌వాడి దానికి కేంద్రం. జె. సి. కుమారప్పగారు దానికి కార్యదర్శి. గానుగ, దంపుడు బియ్యం, చేతికాగితం వంటి పనులతో పాటు అక్కడ పొయ్యిని కూడా పరిశోధనకు తగిన వస్తువుగా చూశారు. పొగను గొట్టం ద్వారా బయటకు పంపే ‘మగన్ చూల్హా’ అక్కడిదే.

ఇక మన హైదరాబాదు. ఇక్కడి ఇంజనీరింగ్ పరిశోధనాలయానికి డైరెక్టరుగా వున్న డాక్టర్ ఎస్. పి. రాజుగారు పొగలేని పొయ్యి మీద శ్రమ తీసుకుని పనిచేశారు. కోట్లాది ఇళ్ళకు పొగలేని వంటిల్లు కావాలన్నది ఆయన సంకల్పం. 1953లో ఆ విషయం మీద ఇంగ్లీషులో పుస్తకమే ప్రచురించారు. పరిశోధనాలయం ఇంగ్లీషు పేరులోని మొదటి అక్షరాలతో ఆ పొయ్యికి ‘హెర్ల్ చూల్హా’ అని పేరు వచ్చింది. ఇంటి మట్టితోనే కట్టుకునే పొయ్యి అది. ఒకే మంట వరుసగా వున్న కన్నుల కింది నుంచి సాగిపోతుంది. మొదటి కంటి మీద అన్నం, తరువాతి కంటి మీద కూర, చివరి దాని మీద నీళ్ళు కాగుతాయి. ఆ తరువాత పొగ గొట్టంలోకి ఎక్కి కప్పు పైకి పోతుంది. ఆనకట్టల గురించీ కాలువల గురించీ ఆలోచించే ఇంజనీర్లు వంటింట్లో కూర్చుని మంట ఎటు పోతుందో చూశారంటే, అది గొప్ప విషయమే.

కాలం కూడా కలిసి వచ్చింది. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకాలు మొదలైనవి. మరుసటి సంవత్సరం జాతీయ విస్తరణ సేవ వచ్చింది. గ్రామసేవకులు, గ్రామసేవికలు వూరూరా తిరిగి విత్తనం, కంపోస్టు గుంట, మరుగుదొడ్డితో పాటు పొగలేని పొయ్యిని కూడా నేర్పారు. మా వుద్యోగానికి వాళ్ళే పూర్వీకులు.

మరి ఆ పొయ్యిలు అన్ని ఇళ్ళలో ఎందుకు నిలవలేదు? ఈ ప్రశ్నకు నాకు జవాబు పుస్తకంలో దొరకలేదు, మా నాయనమ్మ వంటింట్లో దొరికింది. మాది పాలమూరు వైపు మెట్టవూరు. నేను పుట్టకముందే ఎవరో వచ్చి మా ఇంట్లో గొట్టం పొయ్యి కట్టిపోయారట. నాకు ఆరేడేళ్ళప్పుడు నాయనమ్మ గడ్డపార తీసుకుని దాన్ని పగలగొట్టింది. పెద్దయ్యాక, డిప్లొమా చదివి వుద్యోగంలో చేరాక, ఎందుకు పగలగొట్టావని అడిగాను. ఆమె అన్నది: “బిడ్డా, ఆ పొయ్యి కట్టినాయన మేమేం వండుకుంటమో అడిగిండా? దాని మీద జొన్నరొట్టె కాలదు. గటక గట్టిగ కలిపితే కుండతో పాటు పొయ్యి కదులుతది. గొట్టంలో మసి పేరుకుంటే తీసే దారి లేదు. పొగంతా మళ్ళ నా మొఖం మీదకే వచ్చె.”

ఆమె చెప్పిన ఒక్కొక్క మాటా నిజమే. రొట్టె పెనం కింద మంట వెడల్పుగా పరుచుకోవాలి. గటక కలపడానికి బలం పెట్టాలి. మందపు మట్టిపొయ్యి ముందు తానే వేడిని పీల్చుకుంటుంది. అందుచేత కొద్దిసేపటి వంటకు కొన్ని గొట్టం పొయ్యిలు పాతవాటికన్నా ఎక్కువ కట్టె తిన్నాయని తరువాతి పరీక్షల్లో కూడా తేలింది. గొట్టం పైకప్పు కన్నా పొట్టిగా వుంటే గాలి పొగను వెనక్కు తోస్తుంది. ఇవన్నీ దిద్దుకోదగ్గ తప్పులే. కాని దిద్దాలంటే ముందు వండే మనిషిని అడగాలి.

అదే కాలంలో పేడ వైపు నుంచి మరో దారి తెరుచుకుంది. ఢిల్లీలోని వ్యవసాయ పరిశోధన సంస్థలో 1939లోనే ఎస్. వి. దేశాయిగారు గాలి తగలకుండా పేడను మురగబెట్టి, మండే గ్యాసు తీసే ప్రయోగాలు చేశారు. 1951లో జశ్‌భాయి పటేల్‌గారు వూళ్ళో వాడదగ్గ గోబర్ గ్యాస్ ప్లాంటు తయారుచేశారు. తొట్టి మీద తలకిందులుగా ఇనుప డ్రమ్ము తేలుతుంటుంది. గ్యాసు నిండితే పైకి లేస్తుంది, వాడితే కిందికి దిగుతుంది. 1960ల నుంచి ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ దానిని దేశమంతా ప్రచారం చేసింది. దాని అందమేమంటే, పేడ రెండు పనులూ చేస్తుంది. గ్యాసు పొయ్యికి పోతుంది, నత్రజని పోకుండా మిగిలిన పేడనీరు పొలానికి పోతుంది.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. వుద్యోగంలో చేరిన కొత్తలో ఒక రైతును పట్టుబట్టి ఒప్పించి రెండు ఘనమీటర్ల ప్లాంటు కట్టించాను. దానికి రోజూ సుమారు యాభై కిలోల పేడ, అంతే నీళ్ళు కావాలి. అనగా నాలుగైదు పశువులు ఇంటి పట్టున వుండాలి. అప్పుడు ఆయనకు వున్నాయి. రెండవ ఏట వానలు లేక మేత కరువై మూడింటిని అమ్మేశాడు. డ్రమ్ము పైకి లేవడం మానింది. ఆయన భార్య మళ్ళీ కట్టెలమోపు ఎత్తుకుని ఎదురైనప్పుడు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండేదనిపించింది. నేను ఆ రోజు పశువులను లెక్కపెట్టాను గాని, కరువు ఏట ఎన్ని మిగులుతాయో లెక్కపెట్టలేదు.

పొగ నిజంగా ఎంత చెడ్డదో కొలిచి చెప్పినవారు తరువాత వచ్చారు. కిర్క్ స్మిత్ అనే అమెరికా శాస్త్రవేత్త మన దేశపు శాస్త్రవేత్తలతో కలిసి గుజరాత్ గ్రామాల్లో వండే స్త్రీలు పీల్చే గాలిని కొలిచి, 1983లో ఆ ఫలితాలు ప్రకటించారు. పట్నపు రోడ్డు మీద కన్నా పల్లె వంటింట్లోనే గాలి ఎక్కువ చెడి వుండగలదని లోకానికి తెలిసింది. ఇళ్ళలోని ఈ పొగ వల్ల 2020లో ప్రపంచం మొత్తం మీద సుమారు 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. వారిలో అయిదేళ్ళు నిండని పసివాళ్ళు కూడా వున్నారు. తల్లి కొంగు పట్టుకుని పొయ్యి పక్కన కూర్చునే బిడ్డ కూడా ఆ పొగే పీలుస్తుంది గదా!

ఆ 1983లోనే కేంద్ర ప్రభుత్వం మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం ప్రారంభించింది. 2002లో అది ముగిసేలోగా మూడు కోట్లకు పైగా పొయ్యిలు ఇళ్ళకు చేరాయి. సంఖ్య పెద్దదే. అయితే ఎన్ని కట్టారన్న లెక్క రాసినంత శ్రద్ధగా, ఎన్ని నిలిచాయన్న లెక్క చూడలేదు. మా నాయనమ్మ పొయ్యి లాంటివి చాలా వూళ్ళలో గడ్డపారకు బలి అయినవి. 1999లో ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం కింద పొదుపు సంఘాల మహిళలకు గ్యాసు కనెక్షన్లు ఇవ్వడం మొదలయింది. 2016 మే 1న ఉజ్జ్వల పథకం దేశమంతటికీ వచ్చింది. 2019 సెప్టెంబరు నాటికి ఎనిమిది కోట్ల కనెక్షన్లు ఇచ్చారు. పొగ తగ్గించడంలో ఇంతకన్నా పెద్ద అడుగు మన పల్లెల్లో ముందెన్నడూ పడలేదు.

అయినా నేను తిరిగే వూళ్ళలో చాలా ఇళ్ళలో రెండు పొయ్యిలూ వున్నాయి. టీకి, పొద్దుటి వంటకు గ్యాసు. స్నానాల నీళ్ళకు, బర్రెల దాణాకు, రొట్టెలకు కట్టెలు. సిలిండరు అయిపోయి చేతిలో డబ్బు లేని నెలలో మళ్ళీ అన్నిటికీ కట్టెలే. ఇది మొండితనం కాదు, ఇంటి బడ్జెట్టు. వోల్కర్ మాట గుర్తుంది గదా? తిట్టకుండా కారణం చూడాలి.

కాబట్టి ఈ నూరేళ్ళ అనుభవం నుంచి ఇంటికి పట్టుకుపోదగ్గ మాటలు కొన్ని చెప్పి ముగిస్తాను.

మొదటిది: పొగ ఖర్చును కూడా లెక్కలో రాయండి. పంట డబ్బు చేతికి వచ్చినప్పుడు విత్తనానికి తీసి పెట్టినట్లే సిలిండరుకు కొంత తీసి పెట్టండి. దగ్గుకు పెట్టే మందుల ఖర్చు అంతకన్నా తక్కువ కాదు.

రెండవది: కట్టె వాడక తప్పని పనులకు పొయ్యిని ఇంట్లోంచి బయటికి, గాలి ఆడే పంచలోకి తెండి. కందికట్టె, పత్తికట్టె బాగా ఎండబెట్టి వానకు తడవకుండా దాచుకోండి. పచ్చి కట్టె మంటలో కొంత దానిలోని నీరు ఆవిరి చేయడానికే పోతుంది, పొగ ఎక్కువవుతుంది.

మూడవది: పప్పు నానబెట్టి వుడికించండి, గిన్నె మీద మూత పెట్టండి. ఎసరు మరిగి బియ్యం సగానికి పైగా వుడికాక, మూత తీయకుండా గిన్నెను వరిగడ్డి దట్టంగా పరిచిన గంపలో దించి పైన గోనెసంచి కప్పితే, మిగతా వుడుకు మంట లేకుండానే అవుతుంది. పైసా ఖర్చులేని పొదుపు ఇది.

నాలుగవది: పేడను గుంటకు పంపండి. ఏడాది పొడవునా నాలుగైదు పశువులు, నీళ్ళు వుంటాయన్న ధైర్యముంటే గోబర్ గ్యాస్ పెట్టండి. లేకుంటే నా మాట విని తొందరపడకండి.

చివరి మాట మగవారికి. పొయ్యి కొనేటప్పుడు, కట్టేటప్పుడు, మార్చేటప్పుడు దాని ముందు కూర్చునే మనిషిని ముందుగా అడగండి. గొట్టం వుంటే నెలకొకసారి మసి దులిపే పని మీరు పెట్టుకోండి. పెద్ద పెద్ద సంస్థలు కట్టిన పొయ్యిలు ఈ రెండు పనులు జరగకనే కూలిపోయినవి. మా నాయనమ్మ ఇప్పుడు లేదు. ఆమె దగ్గు మాత్రం నాకు ఇంకా వినిపిస్తుంది. మీ ఇంట్లో అట్లాంటి దగ్గు వినిపిస్తుంటే, ఈ సాయంత్రం ఒక్కసారి వంటింట్లో పీట వేసుకుని కూర్చోండి. వంట అయ్యేదాకా లేవకండి. ఆ తరువాత ఏమి చేయాలో నేను చెప్పనక్కరలేదు.

సెలవు.