బండల ఊళ్లో దివాలా చట్టం

వ్యాపారం కోసం చేసిన అప్పు వ్యక్తి దివాలాలో రద్దవుతుందా అన్న ప్రశ్నకు భారతదేశపు చట్టం వందేళ్లకు పైగా ఒకే జవాబు చెబుతోంది: సొంత పేరున వ్యాపారం చేసినవాడికి రద్దవుతుంది. కూతురి పెళ్లికి తెచ్చిన అప్పుకూ బండలు కోసే మిషనుకు తెచ్చిన అప్పుకూ చట్టం తేడా చూడదు. రెండూ ఒకే మనిషి బాకీలు, ఒకే జాబితాలో చేరతాయి. అయితే ఆ రద్దు ఎప్పుడు వస్తుంది, ఎవరికి రాదు, ఏ బాకీలు మిగిలిపోతాయి అన్నవి కాలంతోపాటు మారుతూ వచ్చాయి. ఒకప్పటి కర్నూలు జిల్లాలో, ఇప్పటి నంద్యాల జిల్లాలో ఉన్న బేతంచెర్ల వంటి ఊళ్లకు ఈ చరిత్ర దగ్గరిది. అక్కడి పాలిష్ ఫ్యాక్టరీల్లో సొంత పేరునో, ఇద్దరు ముగ్గురి భాగస్వామ్యంలోనో నడిచేవి ఎక్కువ.

భూగర్భ శాస్త్రజ్ఞులు నర్జి సున్నపురాయి అని పిలిచే పొర బేతంచెర్ల చుట్టుపక్కల నేలకు దగ్గరగా ఉంటుంది. గడ్డపారతో లేపితే పలకలుగా ఊడివస్తుంది. వాటినే నాపబండలంటారు. గుంతకల్లు-నంద్యాల రైలు మార్గం 19వ శతాబ్దం చివర ఈ ఊరి మీదుగా పడింది. ఆ తర్వాత మిషన్లు వచ్చి, గని దగ్గర కొట్టిన బండను అంచులు కోసి, నునుపు చేసి అమ్మే పని ఊరికి ప్రధాన పరిశ్రమగా నిలిచింది. ఈ వ్యాపారంలో డబ్బు ముందు పోతుంది, తర్వాత వస్తుంది. గని లీజు, సీనరేజి (గనుల శాఖ రుసుము), కూలీలకు అడ్వాన్సులు, కరెంటు బిల్లు, లారీ బాడుగ ముందే కట్టాలి. బండలు కొన్నవాడు మాత్రం అరువు పెడతాడు. మధ్యలోని ఖాళీని ప్రోనోటు, చేబదులు, చీటీపాట, బ్యాంకు అప్పు పూడుస్తాయి. గుజరాత్‌లోని మోర్బీ నుంచి టైల్స్ చవగ్గా దిగి బండలకు గిరాకీ పడిపోయినా, కొన్నవాడు చేతులెత్తేసినా, ఆ ఖాళీ యజమాని ఇంటిమీదికి వస్తుంది. అప్పుడు ఊళ్లో వినిపించే మాట "ఐ.పి. పెట్టాడు" అని. ఐ.పి. అంటే ఇన్సాల్వెన్సీ పిటిషన్.

పాతకాలపు ఆచారంలో బాకీదారుకు విముక్తి అన్న ఊహే లేదు. బాకీ తీర్చనివాడి చుట్టూ అప్పిచ్చినవాడు గిరి గీస్తే, తీర్చేదాకా అది దాటకూడదన్న ఆచారాన్ని 13వ శతాబ్దం చివర కోరమాండల్ తీరం గురించి రాస్తూ మార్కోపోలో నమోదు చేశాడు. ధర్మశాస్త్రం ఇంకో అడుగు ముందుకు వేసి, తండ్రి అప్పును కొడుకు, మనుమడు తీర్చాలంది. ఈ నియమాలున్న ధర్మశాస్త్ర వ్యాఖ్యానం మితాక్షరను 13వ శతాబ్దంలోనే కేతన 'విజ్ఞానేశ్వరీయము'గా తెలుగు చేశాడు. ఇక్కడ గమనించదగ్గ సంగతి ఒకటుంది. జూదం, తాగుడు అప్పులతోపాటు వ్యాపారపు అప్పు కూడా కొడుకుల మీద పడదని గౌతమ ధర్మసూత్రం చెబుతుంది. వ్యాపారంలోని నష్టభయం దానికి దిగినవాడిదే అన్న ఈ ఆలోచన చాలా ముందుచూపున్నది. బ్రిటిష్ కాలపు కోర్టులు దాన్ని పక్కన పెట్టాయి. వ్యాపారపు అప్పును న్యాయమైన అప్పుగానే లెక్కగట్టి, ఉమ్మడి ఆస్తిలో కొడుకుల వాటా నుంచి కూడా రాబట్టుకోనిచ్చాయి. ఒకప్పుడు రాయలసీమలో తండ్రి వ్యాపారం మునిగితే కొడుకుల భూమి పోవడానికి చట్టపరమైన మూలం ఇదే.

దివాలా చట్టం ముందు ఓడరేవు నగరాలకు వచ్చింది. 1848 నాటి ఇంగ్లండు పార్లమెంటు చట్టం కలకత్తా, మద్రాసు, బొంబాయి నగరాలకే వర్తించింది. మద్రాసు జార్జిటౌన్‌లో కొట్టు మూసుకున్న వర్తకుడు కోర్టుకెళ్లి విముక్తి కోరగలిగేవాడు. కర్నూలు జిల్లా వర్తకుడికి ఆ దారి లేదు. 1839లో నవాబు పాలన ముగిసి, 1858లో జిల్లాగా ఏర్పడిన కర్నూలులో బాకీదారును పట్టుకున్నది సివిల్ కోర్టు డిక్రీ, దాని వెనకనున్న సివిల్ జైలు. జైల్లో పెట్టించినవాడే ఖైదీకి బత్తెం కట్టాలి. 1877, 1882 సివిల్ ప్రొసీజర్ కోడ్‌లు దివాలా తీసిన బాకీదారుల కోసం ఒక అధ్యాయం చేర్చాయి. అందులో దొరికింది సగం విముక్తే. మనిషికి జైలు తప్పేది. ఆస్తి మాత్రం, తర్వాత సంపాదించినదైనా సరే, అప్పుల్లో మూడోవంతు తీరేదాకా లేదా 12 ఏళ్లు గడిచేదాకా జప్తుకు లోబడి ఉండేది. మళ్లీ వ్యాపారం మొదలుపెట్టాలనుకున్నవాడికి ఆ 12 ఏళ్లు శిక్షతో సమానం.

1906 అక్టోబరు 22న మద్రాసులో అర్బత్‌నాట్ అండ్ కంపెనీ తలుపులు మూసింది. దక్షిణ దేశమంతటి నుంచి ఉద్యోగులు, వితంతువులు, గుడి ట్రస్టులు అందులో డబ్బు దాచుకున్నారు. అది కంపెనీ అన్న పేరున్న భాగస్వామ్య సంస్థే. అందుకే దాని అప్పులు భాగస్వాముల సొంత అప్పులయ్యాయి, వాళ్లే స్వయంగా దివాలా కోర్టు ముందు నిలబడాల్సివచ్చింది. సర్ జార్జి అర్బత్‌నాట్‌కు మోసం నేరం కింద 18 నెలల కఠిన శిక్ష పడింది. ఆ దెబ్బ నుంచే వి. కృష్ణస్వామి అయ్యర్ పూనికతో 1907లో ఇండియన్ బ్యాంకు పుట్టింది. అదే ఏడు నగరాల బయటి (మొఫసిల్) జిల్లాల కోసం మొదటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం, 1909లో మూడు నగరాలకు వేరే చట్టం వచ్చాయి. 1907 నాటిదాన్ని తిరగరాసి 1920లో తెచ్చిన 5వ నంబరు చట్టం కిందనే బేతంచెర్ల వ్యాపారి ఈనాటికీ ఐ.పి. వేస్తాడు.

ఈ చట్టం నడిచే తీరు ఊళ్లో అనుకునే దానికి దూరంగా ఉంటుంది. అప్పులు 500 రూపాయలకు చేరినా, డిక్రీ కింద అరెస్టయినా, ఆస్తి జప్తులో ఉన్నా, తీర్చలేని స్థితిలో ఉన్న మనిషి జిల్లా కోర్టులో గానీ, అధికారమిచ్చిన సబ్ కోర్టులో గానీ పిటిషన్ వేయవచ్చు. అప్పిచ్చినవాళ్లు కూడా వేయవచ్చు. ఊరు విడిచి పరారవడం, ఆస్తిని బావమరిది పేరున రాసేయడం, జప్తులో ఆస్తి అమ్ముడుపోవడం లాంటివి దివాలా చర్యలు. వాటిలో ఏదైనా జరిగిన 3 నెలల్లోగా వాళ్లు కోర్టుకు రావాలి. కోర్టు దివాలాదారుగా ప్రకటించాక ఆస్తి అఫీషియల్ రిసీవర్ చేతికి పోతుంది. వంటపాత్రలు, బట్టలు, మంగళసూత్రం, పనిముట్ల వంటివి మిగులుతాయి. రైతు ఉండే ఇంటికి సివిల్ ప్రొసీజర్ కోడ్ రక్షణ ఇస్తుంది, 1976 సవరణతో కూలీ ఇంటికీ ఇచ్చింది. వ్యాపారి ఇంటికి ఇవ్వదు. కాబట్టి ఫ్యాక్టరీతోపాటు ఫ్యాక్టరీ యజమాని ఇల్లూ అమ్మకానికి వస్తుంది.

ఇంతవరకు ఒక్క రూపాయి అప్పు కూడా రద్దు కాలేదు. రద్దు చేసేది విమోచన ఉత్తర్వు, అంటే డిశ్చార్జి. దివాలాదారుగా ప్రకటించేటప్పుడే కోర్టు దానికి గడువు పెడుతుంది. ఆ గడువులోగా దరఖాస్తు చేయకపోతే ప్రకటనే రద్దయి, అప్పులవాళ్లు మళ్లీ తమ దారి తాము చూసుకుంటారు. నోటీసులు వెళ్లగానే పని అయిపోయిందనుకుని ఊరుకున్నవాడికి ఐ.పి. ఇచ్చేది కొంతకాలపు ఊపిరే తప్ప విముక్తి కాదు.

దరఖాస్తు చేసినా, వ్యాపారి మీద ఈ చట్టం ప్రత్యేకంగా కన్నేసి ఉంచుతుంది. 42వ సెక్షన్ కింద కొన్ని తప్పులున్నట్టు తేలితే కోర్టు పూర్తి విమోచన ఇవ్వకూడదు. ఆస్తుల విలువ అప్పుల్లో రూపాయికి ఎనిమిదణాలకైనా, అంటే సగానికైనా, సరిపోకపోవడం, అదీ తన తప్పు కాని కారణాల వల్ల అని చూపలేకపోవడం అందులో మొదటిది. పిటిషన్‌కు ముందు 3 ఏళ్లలో వ్యాపారానికి తగ్గ లెక్కల పుస్తకాలు ఉంచకపోవడం, తీర్చలేనని తెలిశాక కూడా వ్యాపారం సాగించడం, తీరే ఆశ లేకుండా అప్పు చేయడం, జూదం, దుబారా, దుడుకు సట్టా, ఒక అప్పులవాడికి మాత్రం అన్యాయంగా ముందు తీర్చడం మిగతావి. బండల వ్యాపారంలో సరుకు సగం అరువు మీద, కూలీ అడ్వాన్సు నోటి మాట మీద సాగుతుంది. చిట్టా, ఆవర్జా సరిగా రాయనివాడు నిజాయితీపరుడైనా కోర్టు ముందు దొంగలా నిలబడాల్సివస్తుంది. చట్టం ఇక్కడ కఠినంగానే ఉంది. అయినా ఆ నియమాన్ని కొట్టిపారేయలేం, ఎందుకంటే బాకీ పోగొట్టుకునేవాళ్లలో కూలీలు, చిన్న చీటీల వాళ్లు కూడా ఉంటారు. కూలీ, గుమాస్తా జీతాలకు చట్టం ముందు వరుస ఇచ్చింది గానీ, 1920లో మనిషికి 20 రూపాయలని పెట్టిన ఆ హద్దు నేటి ధరల ముందు నవ్వులపాలైంది.

విమోచన దొరికినా కొన్ని బాకీలు పోవు. ప్రభుత్వానికి చెల్లించాల్సినవి వాటిలో మొదటివి. గనుల శాఖకు కట్టాల్సిన సీనరేజి, పన్ను బకాయిలు ఈ కోవలోకే వస్తాయి కాబట్టి బండల వ్యాపారికి ఇది చిన్న విషయం కాదు. మోసంతో తెచ్చిన అప్పు, నమ్మకద్రోహపు బాకీ, భార్యాబిడ్డల భరణం కూడా నిలుస్తాయి. తాకట్టు పెట్టించుకున్న బ్యాంకు తన తాకట్టు ఆస్తిని అమ్ముకోవచ్చు, లోటు మొత్తానికే మిగతావాళ్లతో కలిసి వరుసలో నిలబడుతుంది. అన్నిటికన్నా ఎక్కువ కుటుంబాలను కుదిపేది హామీ నియమం. వ్యాపారికి విమోచన వచ్చినంత మాత్రాన, ప్రోనోటు మీద జామీను సంతకం చేసిన తమ్ముడికి గానీ, భాగస్వామికి గానీ విమోచన రాదు. భాగస్వామ్యంలో వ్యాపారపు ఆస్తి ముందు వ్యాపారపు అప్పులకు, సొంత ఆస్తి ముందు సొంత అప్పులకు పోతుంది, మిగిలితేనే అటుదిటు మారుతుంది. చట్టం వ్యాపారపు అప్పునూ సొంత అప్పునూ వేరు చేసి చూసే చోటు దాదాపు ఇదొక్కటే.

కొడుకుల బాధ్యత మాత్రం మెల్లగా తగ్గింది. కుటుంబ పెద్ద (కర్త) కొత్త వ్యాపారం మొదలుపెట్టి ఉమ్మడి కుటుంబంలోని మైనర్ల వాటాను దానికి బలిపెట్టలేడని 1932లో బెనారస్ బ్యాంకు కేసులో ప్రివీ కౌన్సిల్ తేల్చింది. దివాలా చట్టానికి 1948లో వచ్చిన సవరణ మళ్లీ బిగించి, కొడుకుల వాటాను అమ్మే తండ్రి అధికారాన్ని రిసీవర్‌కు అప్పగించింది. 2005లో హిందూ వారసత్వ చట్టానికి వచ్చిన సవరణ ఆ పాత ధర్మబద్ధ బాధ్యతనే తీసేసింది. ఆ సవరణ తర్వాత తండ్రి చేసిన అప్పుకు, కొడుకన్న కారణంతో ఎవరిమీదా దావా నిలవదు.

రైతుల కోసం చట్టసభ వేరే దారి వేసింది. 1938 మద్రాసు రైతు రుణ ఉపశమన చట్టం వడ్డీలు కోసి అప్పులు తగ్గించినా, ఆదాయపు పన్ను కట్టేవాళ్లను, కొంత హద్దు దాటి వృత్తిపన్ను కట్టేవాళ్లను రైతుల లెక్కలోకి రానివ్వలేదు. 1977లో ఆంధ్రప్రదేశ్ తెచ్చిన వ్యవసాయ రుణ ఉపశమన చట్టం చిన్న రైతుకు, వ్యవసాయ కూలీకి, చేతివృత్తివాడికి. రెండింటిలోనూ బండల వ్యాపారికి చోటు లేదు, అతనికి మిగిలింది ఐ.పి. కోర్టే. జైలు భయం మాత్రం తగ్గింది. బాకీదారు చెల్లించగలిగి ఉండీ ఎగ్గొట్టాడని తేలితేనే అరెస్టు అన్న నియమం 1936లో సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో చేరింది. 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ పేదరికానికి జైలు శిక్ష కాకూడదని గట్టిగా చెప్పారు. అయితే 1989 నుంచి అమల్లోకి వచ్చిన చెల్లని చెక్కు నేరం వేరు. చెక్కు మీద సంతకం చేసినవాడిపై ఆ క్రిమినల్ కేసును దివాలా కోర్టు ఉత్తర్వు మాపలేదు.

పెద్ద పెట్టుబడి పెట్టేవాళ్లు పరిమిత కంపెనీ పెట్టి ఇదంతా తప్పించుకోవచ్చన్నది సగం నిజం. కంపెనీ అప్పు కంపెనీదే. అయినా డైరెక్టరు సొంత హామీ లేకుండా బ్యాంకు డబ్బివ్వదు, 1872 కాంట్రాక్టు చట్టం ప్రకారం హామీదారు బాధ్యత అసలు బాకీదారుతో సమానం. 2016 దివాలా చట్టం, అంటే ఐబీసీ, వ్యక్తుల దివాలాకు పూర్తి భాగం రాసి పెట్టింది. అందులో 2019 డిసెంబరు 1న అమలు చేసింది కంపెనీలకు హామీ ఇచ్చినవాళ్లకు సంబంధించినంతవరకే. దాన్ని సుప్రీంకోర్టు 2021లో లలిత్ కుమార్ జైన్ కేసులోను, 2023లో జివ్‌రాజ్‌కా కేసులోను సమర్థించింది. కాబట్టి కంపెనీకి హామీ ఇచ్చిన బేతంచెర్ల డైరెక్టరు కొత్త చట్టం కిందికి, సొంత పేరున ఫ్యాక్టరీ నడిపిన అతని పొరుగువాడు 1920 చట్టం కిందికి వస్తారు. కొత్త చట్టంలో దివాలా మొదలైన ఏడాది తర్వాత ట్రస్టీయే విమోచనకు దరఖాస్తు చేస్తాడు, రూపాయికి ఎనిమిదణాల పరీక్ష ఉండదు. జరిమానాలు, భరణం, నిర్లక్ష్యానికి కట్టాల్సిన నష్టపరిహారం, విద్యారుణం, మోసంతో చేసిన అప్పు అక్కడా నిలుస్తాయి. పాత చట్టాన్ని రద్దు చేసే 243వ సెక్షన్ కూడా ఐబీసీలోనే ఉంది, అమలు తేదీ మాత్రం ఇంకా ప్రకటించలేదు.