జ్వరాల చిట్టా రాసిన డాక్టర్లు

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ మనలో చాలామందిమి ఏదో ఒక రిటర్ను నింపి పైకి పంపినవాళ్ళమే. వారపు స్టేట్‌మెంటు, నెలసరి స్టేట్‌మెంటు, చెప్పడానికేమీ లేకపోతే ‘నిల్’ అని రాసి సంతకం పెట్టడం మనకు కొత్త కాదు. ఆ కాగితాలను పైన ఎవరైనా చదువుతారా అన్న అనుమానమూ కొత్త కాదు. అయితే సరిగ్గా ఇటువంటి చిట్టాల వల్లనే, వారపు రిటర్నుల వల్లనే ఫ్లూ ఏ వారంలో పెరుగుతున్నదో, ఏ వయసువారిని పడగొడుతున్నదో, వయసు మళ్ళాక ఒంటిమీద సర్పి ఎందుకు లేస్తుందో లోకానికి తెలిసివచ్చింది. వాటిని రాసినవారు పెద్దాసుపత్రుల ప్రొఫెసర్లు కారు. ఇంటింటికీ తిరిగి నాడి చూసి మందిచ్చే మామూలు ఫ్యామిలీ డాక్టర్లు. ఈ చరిత్ర ఎక్కువగా ఇంగ్లండులో జరిగినదే అయినా, దాని ఫలం అనుభవించేది అరవై దాటినవారే కనుక మన సభ్యులకు ఆసక్తిగా ఉంటుందని రాస్తున్నాను.

ఉత్తర ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో వెన్స్‌లీడేల్ అనే లోయ ఉన్నది. అందులో ఐస్గార్త్ అనే పల్లె. 1885లో లీడ్స్ నగరంలో పుట్టిన విలియం పికిల్స్ అనే డాక్టరు 1910 దశకం మొదట్లో అక్కడ ప్రాక్టీసు ప్రారంభించి, జీవితమంతా అక్కడే గడిపాడు. చుట్టుపక్కల కొన్ని పల్లెలకు ఆయనే దిక్కు. 1926లో ఆయన చేతికి జేమ్స్ మెకంజీ అనే వైద్యుడు గుండె జబ్బులపై రాసిన పుస్తకం వచ్చింది. మెకంజీ కూడా మొదట మామూలు ప్రాక్టీసు డాక్టరే. రోగిని ఏళ్ళ తరబడి దగ్గరనుండి చూసే డాక్టరుకు తెలిసే సంగతులు ఆసుపత్రిలో నాలుగు రోజులు చూసే నిపుణుడికి తెలియవన్నది మెకంజీ వాదం. ఆ మాట పికిల్స్‌కు బాగా పట్టింది.

1929లో ఆ లోయలో పచ్చకామెర్లు వ్యాపించాయి. సుమారు 5,700 మంది జనాభాలో 250 మందికి వచ్చాయి. కామెర్లు ఒకరినుండి ఒకరికి సోకి ఎన్నాళ్ళకు బయటపడతాయన్నది అప్పటికి ఎవరికీ రూఢిగా తెలియదు. పికిల్స్ ఒక్కొక్క రోగినీ ‘మీకు ఎప్పుడు మొదలైంది, అంతకుముందు ఎవరిని కలిశారు’ అని అడుగుతూ వెళ్ళాడు. మొదటి ఆచూకీ ఒక ఆడపిల్ల దగ్గర తేలింది. ఆ ఊరి ఉత్సవం రోజు పొద్దున ఆయనే ఆ పిల్లను మంచంలో చూసి వచ్చాడు. లేవలేదనుకున్నాడు. ఆ పిల్ల మధ్యాహ్నానికల్లా లేచి ఉత్సవానికి వెళ్ళింది! పండుగకు పిల్లను ఆపడం ఏ దేశంలోనూ ఎవరి తరమూ కాదు కదా. అక్కడ ఆమెను కలిసినవారిలో కొందరు దాదాపు నెల తర్వాత కామెర్లతో పడ్డారు. కలిసింది ఆ ఒక్కరోజే కనుక లెక్క కట్టడం సులువైంది. 26 నుండి 35 రోజులని పికిల్స్ తేల్చి, 1930లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించాడు. ఈనాడు హెపటైటిస్-ఎ అని పిలిచే ఆ జబ్బుకు సగటు గడువు 28 రోజులని వైద్య గ్రంథాలు చెబుతున్నాయి. సూక్ష్మదర్శిని లేదు, రక్తపరీక్ష లేదు. పట్టుకున్నది తేదీలే.

పట్నంలో డాక్టరుకు ఇది సాధ్యం కాదు. ట్రాముల్లో, సినిమా హాళ్ళలో ఎవరు ఎవరికి తగిలారో ఎవరు చెప్పగలరు? పల్లెలో సంత ఏ రోజు, పెళ్ళి ఏ రోజు, ఎవరింటికి చుట్టాలు వచ్చారు అన్నది అందరికీ గుర్తే. పికిల్స్ ఆ తరువాత తట్టు, ఆటలమ్మ, గవదబిళ్ళలు, కోరింత దగ్గు, ఫ్లూ అన్నింటికీ రోజువారీ చిట్టా రాశాడు. గళ్ళ కాగితాల మీద జబ్బుకొక రంగు చొప్పున పటాలు గీసుకున్నాడు. ఈ పనిలో ఇంట్లోవాళ్ళు కూడా చేయి వేశారు. 1939లో ‘పల్లె ప్రాక్టీసులో అంటువ్యాధుల శాస్త్రం’ అన్న అర్థం వచ్చే పేరుతో ఆయన ఒక పుస్తకం వెలువరించాడు. వైద్య చరిత్రలో ఆ చిన్న పుస్తకానికి పెద్ద పేరుంది.

ఆ పుస్తకం చదివి మనసు పారేసుకున్నవారిలో ఎడ్గర్ హోప్-సింప్సన్ ఒకడు. నైరుతి ఇంగ్లండులో సైరెన్‌సెస్టర్ అనే చిన్న పట్నంలో ప్రాక్టీసు చేసేవాడు. మన వయసువారిలో సర్పి పడి మంటతో నెలల తరబడి నిద్రలేక బాధపడినవారిని అందరం చూశాం. మన పల్లెల్లో దానికి పసరు పూయడం, మంత్రం వేయించడం ఉండేవి. ఆటలమ్మకూ దీనికీ సంబంధం ఉందని అంతకుముందే కొందరు వైద్యులు అనుమానించారు. బయట ఆటలమ్మ ఉన్నవారిని తాకితే పెద్దలకు సర్పి వస్తుందా, లేక లోపలినుండి వస్తుందా అన్నదే తేలలేదు. హోప్-సింప్సన్ 1947 నుండి 1962 దాకా పదహారేళ్ళు సుమారు 3,500 మంది జనాభాలో ప్రతి సర్పి కేసునూ రాసిపెట్టాడు. మొత్తం 192 కేసులు. మధ్యలో 1953లో స్కాట్లండుకు ఉత్తరాన సముద్రంలో ఉన్న యెల్ అనే దీవికి వెళ్ళాడు. కొద్దిమందే ఉండే దీవిలో ఎవరికి ఏ సంవత్సరం ఆటలమ్మ పోసిందో జనానికి జ్ఞాపకం ఉంటుందని ఆయన ఆశ.

1965లో ఆయన తన నిర్ణయం చెప్పాడు. చిన్నప్పుడు పోసిన ఆటలమ్మ పూర్తిగా పోదు. దాని క్రిమి నరాల మొదళ్ళలో దశాబ్దాలు నిద్రపోయి, ఒంట్లో నిరోధం తగ్గినప్పుడు ఒక నరం వెంట లేచి సర్పి అవుతుంది. ఏటా వెయ్యికి 3.4 మందికి వస్తుందనీ, 85 ఏళ్ళు బతికినవారిలో సగం మందికి ఎప్పుడో ఒకప్పుడు వచ్చి ఉంటుందనీ ఆయన లెక్క. ప్రయోగశాలలు దాన్ని నిర్ధారించడానికి మరో ఇరవై ఏళ్ళు పట్టింది. నిరోధం తగ్గడమే కారణమైతే దాన్ని టీకాతో పెంచవచ్చు. బ్రిటన్‌లో 2013 నుండి డెబ్బై ఏళ్ళవారికి ప్రభుత్వమే ఆ టీకా వేయసాగింది. మన దేశంలో యాభై దాటినవారి కోసం ఒక కొత్త రకం టీకా 2023లో విడుదలైంది. ఖరీదు మాత్రం పెన్షనరు గుండె గుభేలుమనేలా ఉంది. వేయించుకోవాలా వద్దా అన్నది మీ డాక్టరును అడిగి నిశ్చయించుకోవలసిన సంగతి.

ఇదంతా ఒక్కొక్కరి పట్టుదల మీద నడిచిన పని. దాన్ని ఒక వ్యవస్థగా మార్చిన సంఘటన మన వైద్యులు కాక ప్రభుత్వం చేసినది. 1948 జూలై 5న బ్రిటన్‌లో జాతీయ ఆరోగ్య సేవ మొదలైంది. ప్రతి కుటుంబం ఒక డాక్టరు వద్ద పేరు నమోదు చేసుకున్నది. అంటే డాక్టరు దగ్గరకు వచ్చిన రోగుల సంఖ్యే కాక, రాకుండా ఆరోగ్యంగా ఇంట్లో ఉన్నవారి సంఖ్య కూడా ఆయన జాబితాలో ఉన్నది. లెక్కలు చూసినవారికి దీని విలువ వెంటనే తెలుస్తుంది. ‘ఈ వారం నలభై జ్వరాలు’ అంటే ఏమీ తెలియదు. ‘నాలుగు వేల మందిలో నలభై’ అంటే, పోయిన వారంతోనూ పక్క జిల్లాతోనూ పోల్చవచ్చు.

1952లో అక్కడి జనరల్ ప్రాక్టీషనర్లు తమకొక కాలేజీ స్థాపించుకున్నారు. దానికి తొలి అధ్యక్షుడు మన పికిల్సే. 1955-56లో 106 ప్రాక్టీసులు కలిసి ఒక ఏడాది పాటు తమ రోగుల జబ్బులన్నీ రాశాయి. 1957లో బర్మింగ్‌హాంలో ఆ కాలేజీ పరిశోధన విభాగం ఏర్పడింది. ఐమర్ల్ అనే డాక్టరు ఒక రిజిస్టరు తయారుచేశాడు. జబ్బుకొక పేజీ, ఏ పేజీకాపేజీ తీసి పెట్టుకునే లెడ్జరు. ఆయన పేరులోని మొదటి అక్షరంతో దానికి ‘ఇ-బుక్’ అని పేరు. ఈనాటి మనవలు విని వేరే ఏదో అనుకుంటారు గాని, అది అచ్చంగా మన అకౌంట్స్ సెక్షను లెడ్జరు లాంటిదే.

1967 నుండి ఫ్లూ లెక్క వారం వారం రావడం మొదలైంది. దేశంలోని డాక్టర్లందరూ పంపనక్కరలేదు. అన్నం ఉడికిందో లేదో చూడడానికి ఒక మెతుకు పట్టుకుంటే చాలు. ఎంపికైన కొన్ని ప్రాక్టీసులు, ఎప్పుడూ అవే, మానకుండా పంపాలి. పాత రోగి మళ్ళీ వస్తే కొత్త కేసుగా రాయకూడదు. రోగులు లేని వారం లేరనే రాయాలి. ఆ ‘నిల్’ లేకపోతే జబ్బు లేదో, డాక్టరు సెలవులో ఉన్నాడో తెలియదు. 1990లలో వారి కొలత ఇలా ఉండేది: లక్ష మందికి వారానికి 50 లోపు అయితే మామూలు, 200 దాటితే ఎక్కువ, 400 దాటితే మహమ్మారి. ఆసుపత్రి మంచాలు నిండకముందే, మరణాల లెక్క అందకముందే ఈ అంకె చేతికొచ్చేది.

దీనికొక లోపం ఉంది. డాక్టరు ఫ్లూ అని రాసినదంతా ఫ్లూ కాదు. అందుకని తరువాత ముక్కు, గొంతు నమూనాలు తీసి పరీక్షకు పంపే పద్ధతి చేర్చారు. లోపం సరిదిద్దబోతే కొత్త సంగతులు బయటపడ్డాయి. బర్మింగ్‌హాం విభాగానికి చెందిన డగ్లస్ ఫ్లెమింగ్ 1993లో లాన్సెట్ పత్రికలో ఒక ప్రశ్న వేశాడు. చలికాలంలో వృద్ధుల మరణాలకు ఫ్లూయే కారణమా, లేక పసిపిల్లల జబ్బుగా పేరుబడ్డ ఆర్.ఎస్.వి. అనే వైరసు కూడా కారణమా? మూడు దశాబ్దాల తరువాత, 2024 సెప్టెంబరు నుండి, ఇంగ్లండులో 75 ఏళ్ళవారికి ఆ వైరసుకు టీకా ఇవ్వడం ప్రారంభించారు. ఫ్రాన్సు వారు 1984లోనే ఇటువంటి డాక్టర్ల బృందాన్ని టెలిఫోను తీగల మీద నడిచే కంప్యూటరు యంత్రాలతో నడిపారు. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు ఇంగ్లండులో ఈ పాత ఏర్పాటే కొత్త జబ్బును వెతకడానికి సిద్ధంగా ఉన్నది.

ఇక మన సంగతి. 1957 మే నెలలో ఆసియా ఫ్లూ సింగపూరునుండి ఓడలో మద్రాసు రేవుకు దిగింది. అక్కడనుండి దేశమంతా పాకింది. మరుసటి ఫిబ్రవరిదాకా సర్కారు రికార్డులకెక్కిన కేసులు 44,51,785, మరణాలు 1,098. ఆఖరి అంకెదాకా రాశారు గాని, ఆసుపత్రి గడప తొక్కకుండా మిరియాల కషాయం తాగి ఇంట్లోనే ముసుగుతన్ని పడుకున్నవారు ఇందులో ఎక్కడున్నారు? ఈనాటికీ వానాకాలం వస్తే మన పత్రికల్లో ‘విషజ్వరాలతో మంచంపట్టిన పల్లె’ అని వార్త వస్తుంది. ఏ జ్వరం, ఎందరిలో ఎందరికి అన్నది ఉండదు.

ప్రయత్నాలు లేకపోలేదు. మన చిత్తూరు జిల్లావారు వైద్యానికి వెళ్ళే వేలూరులోనే, క్రైస్తవ వైద్య కళాశాలకు చెందిన డాక్టర్ టి. జాకబ్ జాన్ 1980లలో ఉత్తర ఆర్కాటు జిల్లాకు చక్కని ఏర్పాటు చేశారు. ప్రభుత్వ డాక్టర్లకూ ప్రైవేటు డాక్టర్లకూ చిరునామా అచ్చువేసిన పోస్టుకార్డులు ఇచ్చారు. కేసు కనిపిస్తే టిక్కు పెట్టి పోస్టుడబ్బాలో వేయడమే. వచ్చిన లెక్కలతో నెలనెలా ఒక బులెటిన్ వేసి ఆ డాక్టర్లకే తిరిగి పంపేవారు. నా దృష్టిలో అసలు కీలకం ఇక్కడుంది. పంపినవాడికి తన కాగితం ఏమైందో తెలిస్తేనే మరో కాగితం పంపుతాడు. 2004లో కేంద్ర ప్రభుత్వం సమగ్ర వ్యాధి నిఘా పథకం ప్రారంభించింది. ఆరోగ్య కార్యకర్తకు ఒక ఫారం, డాక్టరుకు ఒకటి, లాబొరేటరీకి మరొకటి పెట్టింది. 2021 నుండి అవి కంప్యూటరులోకి ఎక్కుతున్నాయి. అయితే మన జనంలో ఎక్కువమంది మొదట వెళ్ళేది వీధి చివరి క్లినిక్‌కో ఆర్.ఎం.పి. దగ్గరికో. అక్కడ జాబితా లేదు, చిట్టా లేదు.

జాబితా ఉన్న చోటు ఒకటి మాత్రం మనకే తెలుసు. సి.జి.హెచ్.ఎస్. కార్డు ఉన్న ప్రతి పెన్షనరు పేరూ, కుటుంబ సభ్యుల పేర్లూ, వయసులతో సహా ఒక వెల్‌నెస్ సెంటరు కింద నమోదై ఉన్నాయి. వచ్చిన రోగుల వివరాలు కంప్యూటరులో పడుతున్నాయి. బర్మింగ్‌హాం వారికి కావలసిన రెండు అంకెలూ అక్కడున్నాయి. ఈ వారం ఇంతమంది వృద్ధుల్లో ఇంతమందికి జ్వరం, పోయిన వారం ఇంత అని సెంటరు గోడమీద ఒక కాగితం అంటించడానికి కొత్త బడ్జెటు అక్కరలేదు. అధికారులకు ఈసారి మనం ఇచ్చే మెమొరాండంలో మెడికల్ బిల్లుల బకాయిల కింద ఈ ఒక్క అంశం కూడా చేర్చవచ్చునని నా ఉద్దేశం.