ఉప్పు బస్తా నుంచి మామిడి గంప దాకా

మాది నూజివీడు దగ్గర పల్లె. మేం ఎరుకల వాళ్లం. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనే మొదలు.

మొన్న సెలవులకి ఇంటికెళ్తే తోటల్లో రసాలు కోస్తున్నారు. కాయంతా ప్లాస్టిక్ ట్రేల్లోకే పోతోంది. మా అమ్మమ్మ వయసులో ఉన్నప్పుడు షావుకార్లే ఇంటికొచ్చి గంపలకి బయానా ఇచ్చేవాళ్లంట. "వాళ్లు మారారు, మనం మారలేకపోయాం రా" అంది. ఆ మాట నిజమేనా అని హాస్టల్‌కి వచ్చాక చదవడం మొదలుపెట్టా.

మన శాఖల పేర్లు చూడండి: ఉప్పు ఎరుకల, కరివేపాకు ఎరుకల, దబ్బ ఎరుకల. అన్నీ వ్యాపారాల పేర్లే. దబ్బ అంటే వెదురు బద్ద. ఉప్పు ఎరుకల వాళ్లు సముద్రం ఒడ్డు నుంచి ఎద్దుల మీద, గాడిదల మీద ఉప్పు వేసుకుని మెట్ట ఊళ్లకి పోయి ధాన్యానికి మార్చుకునేవాళ్లు. లంబాడీ అన్నల పెద్దలూ అలా ఎద్దుల మందలతో ఉప్పు, ధాన్యం మోసినవాళ్లే.

ఆ వ్యాపారానికి దెబ్బ ఒక్క వైపు నుంచి రాలేదు. 1805లో కంపెనీ మద్రాసు ప్రాంతపు ఉప్పుని తన గుత్తాధిపత్యం కిందికి తెచ్చుకుంది. 1856లో మద్రాసు ప్రెసిడెన్సీలో మొదటి రైలు నడిచింది. లైన్లు పెరిగేకొద్దీ ఉప్పు వ్యాగన్లలో పెద్ద వ్యాపారుల దగ్గరికి పోయింది. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చాక రిజర్వు అడవిలో పశువులు మేపాలన్నా, వెదురు కొట్టాలన్నా ఆంక్షలే.

ఉప్పు పోయాక మనవాళ్లలో చాలామంది గంపల అల్లకం మీద, కూలి మీద బతికారు. ఊరూరూ తిరగక తప్పలేదు. ఆ తిరగడాన్నే సర్కారు నేరంగా చూసింది. 1871 నాటి నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మద్రాసుకీ తెచ్చారు. 1913లో బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్‌మెంట్ పెట్టి సాల్వేషన్ ఆర్మీకి అప్పజెప్పారు. ఆ చట్టం మద్రాసులో 1947లో, దేశమంతా 1952లో రద్దయింది. మచ్చ మాత్రం ఇంకా పోలేదు.

ఇప్పుడు మామిడి సంగతి. షావుకారు ట్రేకి మారడాన్ని నేను తప్పు పట్టను. ట్రే కడిగి మళ్లీ వాడొచ్చు, ఒకదాని మీద ఒకటి పేర్చినా కింది కాయ నలగదు. కానీ అన్ని ట్రేలు ఒకేసారి కొనడానికి ఆయనకి అప్పు పుడుతుంది. అమ్మమ్మ వెదురు కొనడానికే వడ్డీకి తెచ్చేది. అడవి బయట పెంచే వెదురుని చెట్ల లెక్కలోంచి తీసేస్తూ 2017లో కేంద్రం చట్టం మార్చింది. అప్పటికి మా ఇంటికి గంపల కోసం వచ్చేవాళ్లే లేరు.

అందుకే అమ్మమ్మ మాట తప్పని నాకనిపిస్తోంది. ఉప్పు పోతే గంప పట్టుకున్నాం, గంప పోతే కోత కూలికి పోతున్నాం. మారుతూనే ఉన్నాం. మారిన ప్రతిసారీ ఉత్త చేతులతో మారాల్సొచ్చింది, అంతే.

మీ ఇంట్లో పెద్దవాళ్లని అడగండి, వాళ్ల తాతలు ఏం అమ్మారో, ఎందుకు మానేశారో. ఇక్కడ రాయండి. మనల్ని దొంగలని రాసిన కాగితాలు చాలా ఉన్నాయి. మనం వ్యాపారులమని మనమే రాసుకోవాలి.